నలభై ఒకటో గూడు

కామేశం మాస్టారికి ఒక అలవాటుండేది. శిష్యులు ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. కళ్లజోడు తుడుచుకుంటూ "చూద్దాం ఉండు" అనేవారు. నలభై ఏళ్లుగా పక్షులను చూస్తూ బతికిన మనిషి. మాటల మీద కన్నా పిట్టల మీదే ఆయనకు గురి ఎక్కువ.

ఆ ఏడు ఆయన తన శిష్యురాలు సువార్తను వెంటబెట్టుకుని దక్షిణ ధ్రువపు మంచుఖండానికి వెళ్లారు. అక్కడ సముద్రానికి రెండు వందల కిలోమీటర్ల లోపల, మంచులోంచి పైకి పొడుచుకొచ్చిన నల్లరాతి శిఖరం ఒకటుంది. దాని మీద గడ్డిపరకైనా మొలవదు. అయినా వేసవి వచ్చిందంటే మంచు పెట్రెళ్లనే తెల్లటి సముద్రపక్షులు, పావురమంతేసివి, వేలకొద్దీ వచ్చి ఆ రాతిసందుల్లో జంటకొక గుడ్డు పెడతాయి. ఒకటి పొదుగుతుంటే రెండోది సముద్రానికి మేతకు పోతుంది. అది తిరిగొచ్చేదాకా గూట్లోదానికి కడుపులో దాచుకున్న నూనే ఆధారం. ఆకలికి తాళలేక లేచిందా, గుడ్డు కాసేపట్లో గడ్డకట్టి పోతుంది.

సువార్తది భీమిలి. గడప తొక్కినవాళ్లను తినకుండా పంపని ఇంట పుట్టింది. నలభై ఒకటో నంబరు గూటిపిట్ట జత పదిరోజులైనా రాకపోయేసరికి ఆమెకు ముద్ద దిగలేదు.

"కళ్లెదుట ఒక ప్రాణి పస్తుంటే, డబ్బాలో చేపలు పెట్టుకుని లెక్క రాసుకుంటూ కూర్చోవడం ఏం న్యాయం మాస్టారూ?" అని అడిగింది.

మాస్టారు కళ్లజోడు తీశారు. చూద్దాం ఉండమన్నారు.

ఉండే మనిషైతే ఆమె సువార్త ఎందుకవుతుంది? మాస్టారు గుడారంలో కునుకు తీయగానే ఒక చేప పట్టుకుని బయల్దేరింది. గూళ్లకు పది అడుగుల దూరంలో తామే పేర్చుకున్న రాళ్లవరుస ఉంది, దాన్ని దాటకూడదని తామే పెట్టుకున్న నియమం ఉంది. రెంటినీ దాటి చేప చాచింది. దొంగ వచ్చిందనుకున్న పిట్ట ముక్కు తెరిచి, ఎర్రటి నూనె ఆమె టోపీ నుంచి గడ్డం దాకా చిమ్మింది. పాపం, భయపడిందేమోనని సువార్త ఇంకాస్త దగ్గరికి జరిగింది. రెండోసారీ అదే మర్యాద జరిగింది.

ఆమె తిరిగొచ్చిన అవతారం చూసి మాస్టారు ముక్కు మూసుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. తర్వాత మెల్లగా, ఆమె మొహాన ఉన్నది ఆ పిట్ట దాచుకున్న తిండి అని చెప్పారు. సాయం చేయబోయిన సువార్త దాని నోటికాడ కూడు తానే తీసేసిందన్నమాట.

పదకొండో రోజు పొద్దుటి నుంచీ రాళ్లవరుస ఇవతల బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చుంది. ఆమె మీది నూనె కంపుకి మాస్టారు పళ్లెం దూరంగా పెట్టి వెళ్లిపోయారు. ఆమె దాన్ని ముట్టనైనా లేదు. పిట్ట కదిలినప్పుడల్లా లేస్తోందేమోనని ప్రభువును బతిమాలుకుంది.

మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి తెల్లటి చుక్క ఒకటి వచ్చి, తిన్నగా నలభై ఒకటో సందు ముందు వాలింది. రెండూ తలలూపుకుంటూ ఒకటే కిచకిచలు. సువార్త గెంతుకుంటూ పరుగున వెళ్లి, వద్దంటున్నా వినకుండా మాస్టారిని చేయి పట్టి లాక్కొచ్చింది. ఆమెకు పట్టరాని సంతోషంగా ఉంది.

వచ్చిన పిట్ట ఇక తన వంతన్నట్టు భుజంతో నెట్టింది. గూట్లోది లేవలేదు. మళ్లీ నెడితే గుడ్డు మీద ఇంకా సర్దుకుని కూర్చుంది. అరగంటైనా అదే వరస.

సువార్త నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఇదేంటి మాస్టారూ, ప్రాణం పోయేంత ఆకలి మీదుంది. లేవమంటే లేవదేం?"

"మరి ఇన్నాళ్లూ దాన్నక్కడ ఎవరో కట్టేసి కూర్చోబెట్టారనుకున్నావుటమ్మా?" అన్నారు మాస్టారు.