కోపానికి పీట వెయ్యని ఇల్లు

ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేసినా చేస్తాను. ఈమధ్య పాలు కాచానో లేదో కూడా గిన్నె మూత తీసి చూస్తేగాని తెలియడం లేదు. అందుకే ఉన్నది ఉన్నట్టు గుర్తుండగానే రాసి పెడుతున్నాను. నవ్వొచ్చినచోట నవ్వండి, అతుకు కనబడినచోట సర్దుకోండి.

కాలవ గట్టు కింద ఒక ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. భర్త రామకోటయ్య, కొడుకు పిచ్చేశ్వరం, కోడలు అనసూయ. తమ తెలివంటే ఆ నలుగురికీ మహా గర్వం. వానకి బావిలో నీళ్ళు తడిసిపోతాయని బావికి గొడుగు కట్టిన ఇల్లు అది. మెట్లుంటే దొంగలెక్కుతారని డాబాకి మెట్లు కట్టించలేదు. బదులుగా ఒక నిచ్చెన గోడకి ఎప్పుడూ ఆనించి ఉంచారు.

"మన బుర్రల్లో సగం అరువిస్తే ఊరంతా బాగుపడును కదే నాంచారీ" అనేవాడు రామకోటయ్య.

"ఇస్తే తిరిగిచ్చేవాళ్ళేరీ?" అనేది నాంచారమ్మ.

తెలివికేం లోటు లేదుగాని, ఆవిడకి కోపం ఎక్కువ. ఒకరోజు చారులో ఉప్పు లేదని కోడలి మీద గయ్యిమని లేచి, "పో, నా కళ్ళ ముందు ఉండకు!" అంది.

అంతే. అనసూయ వెళ్ళి అత్తగారి వీపు వెనక నిలబడింది. అత్తగారు వంటింట్లోకి వెళ్తే వెనకే వెళ్ళింది, పెరట్లోకి వెళ్తే వెనకే వెళ్ళింది. కాసేపటికి నాంచారమ్మకి బెంగ పుట్టింది. "అనసూయా, ఎక్కడున్నావే?" అంటూ గిర్రున తిరిగింది. కోడలూ గిర్రున తిరిగింది. అలా తిరిగి తిరిగి కళ్ళు బైర్లు కమ్మి, ఆ పిల్ల పుట్టింటికి పోయి పడుకుంది.

దాని తండ్రి జోగయ్య కబురు పెట్టాడు. "శుక్రవారం అమ్మాయిని తీసుకొస్తా. గుమ్మంలో మా చెల్లెమ్మ అరుపు ఒక్కటి వినబడిందా, అట్నుంచటే తీసుకుపోతా. మళ్ళీ పంపను."

నాంచారమ్మ గుండె జారిపోయింది. అనసూయ లేకపోతే తను చెప్పే కబుర్లకి "ఆఁ, తర్వాతండీ?" అనేదెవరు? తలకి నూనె రాసేదెవరు? చారులో ఉప్పు లేకపోయినా ఫరవాలేదనిపించింది. కాని కోపం తన మాట వినదే!

ఆ వారం ఊరి లైబ్రరీలో శాంతమూర్తి మాష్టారని ఒకాయన ధ్యానం నేర్పుతుంటే వెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

"అమ్మా, కోపం చుట్టంలాంటిది" అన్నాడాయన. "ఎన్నో రూపాల్లో వస్తుంది. వస్తే తరమొద్దు, 'వచ్చావా' అనండి. పీట మాత్రం వెయ్యొద్దు, మేత పెట్టొద్దు. ఊపిరి చూసుకుంటూ ఊరికే కూర్చోండి. కాసేపుండి అదే పోతుంది."

"అది కోపమేనని ఆనవాలేమిటండీ?"

"మొహం ఎర్రబడుతుంది. రొప్పు వస్తుంది. ఒళ్ళు వేడెక్కుతుంది."

ఇంకేముంది! నాంచారమ్మ ఇంటికొచ్చి మొగుణ్ణీ కొడుకునీ పిలిచింది. "పీటలు కనబడితే అది కూర్చుంటుంది. ఒక్కటీ కింద ఉండకూడదు." పీటలు, చాపలు, మంచాలు, కుర్చీలు అన్నీ డాబా ఎక్కించేశారు. ఆ రాత్రి రామకోటయ్య స్తంభానికి ఆనుకుని నిలబడే నిద్రపోయాడు. అన్నం నిలబడే తిన్నారు. కోపం కోసం ముగ్గురూ కటిక నేల మీద కూర్చుని గుమ్మంలోకి చూడడం మొదలుపెట్టారు.

శుక్రవారం పొద్దున్నే పక్కింటి శేషమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. మొహం ఎర్రగా ఉంది, రొప్పుతోంది.

"మీ గేదె పలుపు తెంపుకుని మా దోసపాదుల్లో పడిందర్రా!"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. "వచ్చావా" అంది నాంచారమ్మ, ఎంతో మెత్తగా.

"వచ్చానే! లేవండి! పాదంతా మేసేస్తోంది!"

"మేత అడుగుతోందమ్మా" అన్నాడు పిచ్చేశ్వరం చెవిలో.

"పెట్టకు. ఊపిరి చూసుకో."

శేషమ్మ నెత్తి కొట్టుకుని వెళ్ళిపోయింది. "పోయింది!" అని ముగ్గురూ చప్పట్లు కొట్టారు. గేదె దోసకాయలన్నీ తినేసి తీరిగ్గా తనే వచ్చింది. దాని మొహం ఎర్రగా లేదు కాబట్టి కట్టేశారు.

మిట్టమధ్యాహ్నం జోగయ్య వచ్చాడు. గొడుగు కూతురికిచ్చి తను ఎండలో నడిచాడేమో, మొహం టమాటా పండులా ఉంది, కొలిమితిత్తిలా రొప్పుతున్నాడు. అనసూయకేమో అత్తగారి కళ్ళ ముందు ఉండకూడదని బాగా గుర్తుంది. అందుకని పెరటి తలుపు గుండా వచ్చి, చప్పుడు చెయ్యకుండా ఆవిడ వీపు వెనక నిలబడింది.

నాంచారమ్మకి జోగయ్య ఒక్కడే కనిపించాడు. 'నిజం అన్నయ్యగారైతే పిల్లని తేకుండా వస్తాడా? ఇది ఆయన రూపంలో వచ్చిన కోపమే' అనుకుంది.

"వచ్చావా" అంది.

జోగయ్య బిత్తరపోయాడు. "వచ్చావా ఏమిటి చెల్లెమ్మా? ఒక పీట వెయ్యి. మంచినీళ్ళియ్యి."

"పీటా లేదు, నీళ్ళూ లేవు. కాసేపుండి నువ్వే పోతావు."

"అమ్మాయిని దింపకుండా ఎలా పోతాను?"

"ఏదీ అమ్మాయి?"

"నీ వెనకే ఉందిగా!"

నాంచారమ్మ గభాలున తిరిగింది. అనసూయా తిరిగింది. ఎవరూ లేరు! కోడలి పేరు చెప్పి తనని ఆట పట్టిస్తారా? నాంచారమ్మకి ఒళ్ళు మండింది. అరుపు గొంతుదాకా వచ్చింది. అప్పుడు చెయ్యి చెంపకి తగిలింది. చెంప కాలుతోంది. ఊపిరి చూసుకుంది. రొప్పుతోంది!

"ఓరి దేవుడో! ఏమండీ, దొరికింది! కోపం ఆయన కాదు, నేనే!"

"నువ్వా?" అన్నాడు రామకోటయ్య. "అయితే నీకు పీట వెయ్యకూడదు."

"వెయ్యొద్దు. కాసేపుండి అదే పోతుందన్నారుగా, నేనే పోతున్నా" అని నాంచారమ్మ గుమ్మం దిగి కాలవ గట్టు పట్టింది. మొగుడూ కొడుకూ "పోతోంది, పోతోంది" అనుకుంటూ చూస్తూ కూర్చున్నారు.

ఆవిడ నడిచింది. ఊపిరి చూసుకుంటూ నడిచింది. గాలి లోపలికొస్తోంది, బయటికి పోతోంది. చల్లటి నీడ వచ్చింది. చెంప తడిమి చూస్తే చల్లగా ఉంది. కోపం పోయిందే! మరి కోపం పోయాక ఇక్కడ మిగిలింది ఎవరు? చూద్దామని కాలవలోకి వంగింది. నీళ్ళలో తన మొహం కనిపించింది. దాని వెనకే అనసూయ మొహం!

"అనసూయా! నీళ్ళలో పడ్డావుటే!"

"నీళ్ళలోది నేను కాదత్తయ్యా. నేను మీ వెనకాలే ఉన్నా. మీరు ముందు ఉండొద్దన్నారుగా."

నాంచారమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పిచ్చితల్లీ, ఎప్పుడూ ముందే ఉండవే" అంది.

ఇంకేముంది! అక్కణ్ణించి అనసూయ ముందుండి వెనక్కి నడుస్తుంటే, నాంచారమ్మ దాన్ని చూస్తూ, ఇద్దరూ నవ్వుకుంటూ ఎండలో ఇల్లు చేరారు. ఇద్దరి మొహాలూ ఎర్రగా ఉన్నాయి. ఇద్దరూ రొప్పుతున్నారు.

"వచ్చావా" అన్నాడు రామకోటయ్య. "ఒరే పిచ్చేశ్వరం, పోయింది ఒకటి, వచ్చింది రెండు. కదలకు."

కూర్చోవడానికి పీట లేక ఇద్దరూ నిచ్చెనెక్కి డాబా మీదికి వెళ్ళారు. అక్కడ వేపకొమ్మ నీడలో జోగయ్య అప్పటికే పీటేసుకుని కండువాతో విసురుకుంటున్నాడు.

"చెల్లెమ్మా, నీళ్ళివ్వలేదు గాని, ఒక్క అరుపు అరవలేదు నువ్వు. అమ్మాయి ఇక్కడే ఉంటుంది" అన్నాడు.

కింద రామకోటయ్యకి గుండెల్లో రాయి పడింది. "ఒరేయ్, కోపాలు మూడూ కలిసి మన పీటలన్నీ పట్టేశాయిరా! ఇక కింద కూర్చోడానికి మిగిలింది ఈ నిచ్చెన ఒక్కటే. ఇది కూడా పైకి పంపేద్దాం."

అంతే. తండ్రీ కొడుకూ నిచ్చెన ఎత్తి డాబా మీదికి తోసేశారు.

పైన జోగయ్య దాన్ని అందుకుని శుభ్రంగా నేల మీద పరిచాడు. ముగ్గురూ దాని మీద వరసగా కూర్చున్నారు. నిచ్చెన లేకుండా కిందికి దిగడం ఎలాగా అని చీకటి పడేదాకా తెగ ఆలోచించారట.

వసంతా, నువ్వు మా ఆడపడుచువి, ఈ కథ నాకంటే ముందు విన్నదానివి. ఆ వియ్యంకుడు జోగయ్యేనా, లింగయ్యా? పక్కింటావిడ శేషమ్మేనా? పేర్లు ఒకసారి చూసిపెట్టమ్మా.