వెయ్యని ఎర

దక్షిణామూర్తి మేష్టారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. హైస్కూల్లో డ్రిల్లు చెప్పినన్నాళ్ళూ ఈలతోనే మాట్లాడటం వల్ల అబ్బిన గుణమని కొందరంటారు. మౌనంగా బోధించే దేవుడి పేరు పెట్టుకున్నాడాయె, పేరులోనే ఉందిలే అని మరికొందరంటారు. ఏదైతేనేం, ఎవరైనా ప్రశ్న వేస్తే ఆయన దాన్ని తనతోపాటు చెరువు దాకా నడిపించుకుపోయేవాడు. దారిలో అది అలిసిపోయి వెనక్కి మళ్ళితే సరే. మళ్ళకపోతే అక్కడ నీళ్ళలో ఏదో ఒకటి కనపడేది. ఉద్యోగం అయిపోయాక ఆయన ఊళ్ళోవాళ్ళకి గాలం వెయ్యడం నేర్పుతుండేవాడు. ఫీజు లేదు కానీ, ఆదివారం రాకపోతే మాత్రం బడిపిల్లల్ని నిలేసినట్టు నిలేసేవాడు.

ఆయన శిష్యుల్లో తిరపతయ్య, ప్రభాకరం అనే బావా బావమరుదులు ఉన్నారు. తిరపతయ్యకి సెంటర్లో విత్తనాల కొట్టు. ప్రభాకరం కరెంటాఫీసులో లైన్‌మన్. ప్రభాకరం అక్క నాంచారమ్మ తిరపతయ్య భార్య. ఇద్దరికీ కొర్రమీనంటే ప్రాణం. దాన్ని పట్టే పద్ధతి దగ్గర మాత్రం ఉప్పూ నిప్పూ.

తిరపతయ్యది వెదురుకర్ర, నైలాన్ దారం, నీళ్ళ మీద తేలడానికి నెమలి ఈక కాడతో చేసుకున్న బెండు. ఎరకి వానపాము, కుదిరితే బతికున్న చిన్న కప్ప. తుమ్మచెట్టు కింద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడంటే అన్నం వేళ దాకా లేవడు. ప్రభాకరానిది ఫైబర్ రాడ్డు, రీలు, ఒక పెట్టె నిండా రబ్బరు కప్పలు. మబ్బుపడితే నల్లది, ఎండ కాస్తే ఆకుపచ్చది, నీళ్ళు బురదగా ఉంటే తెల్లది. దాన్ని నాచు మీదికి విసిరి, రీలు తిప్పుతూ రాడ్డు కొసని కాస్త కాస్త ఆడిస్తే నిజం కప్పలాగే గెంతుకుంటూ వస్తుంది. కింద ఉన్న కొర్రమీను ఊరుకోలేక కొడుతుంది. ఇందుకోసం ఆ మనిషి కట్ట ఈ చివర నుంచి ఆ చివరికి కాలు నిలవకుండా తిరుగుతూనే ఉంటాడు.

"మా బావది తపస్సండీ. చేప ప్రత్యక్షమైతే వరం కోరుకుంటాడు" అని ప్రభాకరం అనేవాడు.

"మావాడు చేపలు పట్టడానికి రాడు. వాటిని వాకింగుకి తీసుకెళ్ళడానికి వస్తాడు" అని తిరపతయ్య అనేవాడు.

ఇన్నేళ్ళుగా ఈ మాటలు చద్దన్నంలో ఉల్లిపాయలా సాగిపోయాయి. తిరపతయ్య కూతురు హారిక పెళ్ళికి లగ్నపత్రిక రాసుకున్న రోజున మాత్రం పెళ్ళివారి ఎదుట పడేసరికి ఘాటెక్కాయి. భోజనాల దగ్గర ప్రభాకరం సరదాకే, "మా బావ గాలం వేసిన రోజు చేపలకి సెలవండీ, పిల్లాజెల్లా వచ్చి ఆయన బెండు చుట్టూ ఆడుకుంటాయి" అన్నాడు. వియ్యంకుడు పొలమారేదాకా నవ్వాడు. ఆ నవ్వు తిరపతయ్యకి ఎక్కడో గుచ్చుకుంది. కొత్త చుట్టం ముందు ఎవరి పరువు వాళ్ళకి కోహినూరు కదా.

"నా ఎరైతే చేపకి కనీసం ఓ ముద్దన్నా దక్కుద్ది. రబ్బరు ముక్క చూపించి బతికేవాడి మాటకి విలువేముందిలెండి" అన్నాడు.

ప్రభాకరం సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "అయితే పెళ్ళిరోజు బుట్ట మొయ్యడానిక్కూడా ఓ రబ్బరు మేనమామని తెచ్చుకో, బావా" అని వెళ్ళిపోయాడు.

అన్న మాట చిన్నదే. కానీ పెళ్ళికూతురిని బుట్టలో కూర్చోబెట్టి పీటల దాకా మోసుకురావలసినవాడు మేనమామ, హారికకి ఉన్న మేనమామ ఒక్కడే. ఆ పిల్లకి గాలం ముల్లుకి ఎర గుచ్చడం నేర్పింది కూడా ఆ మామయ్యే. వరసకి మేనమామలయ్యేవాళ్ళు ఊళ్ళో లేకపోలేదు. "మామయ్య రాకపోతే నాకు బుట్టొద్దు. నడిచే వస్తా" అని హారిక ఒక్కసారి చెప్పి ఊరుకుంది. నాంచారమ్మ ఆరోజు నుంచి మొగుడికి వేళకి వడ్డిస్తోందే గానీ మారు వడ్డించేటప్పుడు ఇంకాస్త వెయ్యనా అని అడగడం మానేసింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్న ఆ మగవాళ్ళిద్దరూ, అవతలివాడు ముందు మెట్టు దిగితే మనమూ దిగుదామని చూస్తూ కూర్చున్నారు.

ఆషాఢం సగం దాటింది. పెళ్ళి శ్రావణంలో. అప్పుడు తిరపతయ్య మేష్టారి దగ్గరికి వెళ్ళి అడిగాడు.

"మేష్టారూ, మీరే తేల్చండి. బతికున్న ఎరా, రబ్బరు ఎరా, ఏది అసలైన గాలం? నాది తప్పని మీరంటే, నేనే వెళ్ళి వాణ్ణి పిలుస్తా. వాడిది తప్పంటే వాడే రావాలి."

మేష్టారు తల ఊపాడు. సాయంత్రం ప్రభాకరం కూడా వచ్చి, ఇదే ప్రశ్న, ఇదే షరతుతో వేశాడు. ఆయన ఆ తల ఊపుడే ఊపాడు. "రేపు పొద్దున్నే చెరువు దగ్గరికి రా. నీ సరంజామా నువ్వు తెచ్చుకో" అని ఇద్దరికీ విడివిడిగా చెప్పాడు.

పొద్దున్న ఇద్దరూ వచ్చి ఒకరినొకరు చూసుకుని రేవులోనే ఆగిపోయారు. మేష్టారిది ముగ్గురు కూర్చుంటే అంచుకి నీళ్ళు తగిలేంత చిన్న పడవ. ప్రభాకరాన్ని ముందు ఎక్కించి, తిరపతయ్యని వెనక ఎక్కించి, మధ్యలో తను గెడ పుచ్చుకుని నిలబడ్డాడు.

"మేష్టారూ, వెనకున్నాయన్ని ఆ కర్ర కాస్త పక్కకి పెట్టుకోమనండి. నా కన్ను పోయేట్టుంది" అన్నాడు ప్రభాకరం.

"మేష్టారూ, ముందున్నాయన్ని కుదురుగా కూర్చోమనండి. పడవ బోల్తాపడితే చేపలకి వేరే ఎరతో పని లేదు" అన్నాడు తిరపతయ్య.

మేష్టారు ఎవరి మాటా ఎవరికీ అందించలేదు. గెడ వేస్తూ తూర్పు వైపున్న తామరాకుల దాకా తీసుకెళ్ళి పడవ ఆపాడు. తిరపతయ్య చిన్న కప్పని గుచ్చి గాలం వేశాడు. బెండు ఆకుల పక్కన నిలబడింది. ప్రభాకరం ఆకాశం చూసి, పెట్టెలోంచి నల్ల కప్పని తీసి దారానికి కట్టుకున్నాడు. వాన కురిసి వెలిసిన పొద్దు, గాలి మందంగా పడవ మీంచి ఆకుల వైపు వీస్తోంది. ఇద్దరిలో ఎవరికి ముందు చేప పడితే వాళ్ళదే గెలుపని మేష్టారు అనలేదు. వాళ్ళే అనుకున్నారు.

ఇంతలో ఆకుల మధ్య ఖాళీలో నీళ్ళు సన్న చినుకులు పడుతున్నట్టు చిటపటలాడాయి. చినుకులు లేవు. ఇటుకపొడి చల్లినట్టు ఎర్రగా, చాటంత మేర, లెక్కలేనన్ని కొర్రపిల్లలు గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చాయి. వాటి కింద నీడలాంటిదొకటి నిదానంగా అటు నుంచి ఇటు తిరిగింది. మనిషి తొడంత చేప. తిరపతయ్య జన్మలో అంత కొర్రమీనుని చూడలేదు. ప్రభాకరమూ చూడలేదు.

కొర్రమీను సంగతి తెలిసినవాళ్ళకి ఆ క్షణం ఎలాంటిదో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకి చెప్పాలి. పిల్లల్ని కాసేటప్పుడు దానికి ఆకలి గుర్తుండదు. ఆ ఎర్రటి గుంపు మీద ఏది పడినా పిల్లల్ని తినడానికే వచ్చిందనుకుని వచ్చి కొడుతుంది. బతికున్నదా, రబ్బరుదా అని చూడదు. ఏ గాలమైనా ఒకటే, ఏ చెయ్యైనా ఒకటే. కాసే చేప పోతే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలే. కట్ట మీద చాలామంది పెద్ద చేపలు పట్టింది ఇలాగేనని, పట్టినవాళ్ళు ఆ ముక్క మాత్రం దాచి మిగతా కథంతా చెబుతారని మా ఊళ్ళో అందరికీ తెలుసు.

ప్రభాకరం రాడ్డు అప్పటికే భుజం మీదికి వెళ్ళింది. విసరడమే తరువాయి. వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ చేప పడితే రేపు పొద్దున్న బావ తన గుమ్మంలో నిలబడి పిలవాలి. ఆ సంగతి అతనికి తెలుసు. రాడ్డు కిందికి దించి, రబ్బరు కప్పని తీసి రీలు పక్క రింగుకి తగిలించేశాడు.

అప్పుడు అతని చూపు బావ బెండు మీద పడింది. గాలి దాన్ని మెల్లగా ఆ ఎర్రగుంపు వైపే తోసుకుపోతోంది. దాని కింద కప్ప కాళ్ళు కొట్టుకుంటోంది. నీడ అటు తిరిగింది. మధ్యలో మేష్టారు అడ్డంగా ఉండటంతో తిరపతయ్య మొహం ప్రభాకరానికి కనపడలేదు. చూస్తూ చూస్తూ ఊరుకుంటాడేమో అనుకున్నాడు. ఆలోచించకుండా మేష్టారి పక్కనుంచి వంగి, బావ దారాన్ని పైకెత్తడానికి తన రాడ్డు చాపాడు. సరిగ్గా అప్పుడే తిరపతయ్య రెండు చేతులా కర్రని పైకి లాగాడు. పడవ ఊగింది. కప్పా బెండూ గాల్లోకి లేచి ప్రభాకరం రాడ్డుకి చుట్టలు చుట్టుకున్నాయి. కప్ప లేచిన చోట చేప కొట్టిన దెబ్బకి నీళ్ళు ఒక్కసారి భళ్ళుమని, మళ్ళీ సర్దుకున్నాయి.

మేష్టారు గెడ దించి, పడవని ఆకులకి దూరంగా తోశాడు. చిక్కు విప్పాలంటే ఎదురెదురుగా కూర్చోక తప్పదు. ఆయన పక్కకి జరిగి చోటిచ్చాడు.

"నేనెయ్యలేదురా. గాలికి పోయింది" అన్నాడు తిరపతయ్య, దారం వంకే చూస్తూ.

"తెలుసు బావా. నువ్వు కర్ర లాగుతుంటే చూశాగా."

బావా అన్న మాట నోరు జారిందో, జారనిచ్చాడో నేను చెప్పలేను. తిరపతయ్య మాత్రం చిక్కు మీద నుంచి తలెత్తి బావమరిది మొహం చూశాడు. చూసినవాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. యాభై దాటిన మనిషి, కొట్లో కూర్చుంటే విత్తనాల కంపెనీవాళ్ళు నిలబడి మాట్లాడతారు, అయినా తిరిగాయి.

"నువ్వు కూడా విసరబోయి ఆగావు" అన్నాడు.

"పిల్లలు కదా బావా."

"ఊఁ. పిల్లలే."

తిరపతయ్య ముల్లు నుంచి కప్పని విడిపించి నీళ్ళలో వదిలాడు. అది ఒక్క ఈత వేసి ఆకుల్లోకి పోయింది. తర్వాత ఇద్దరూ తలలు ఆనించుకుని, నువ్వు వదులు నేను లాగుతా, అటు కాదు ఇటు, అని విసుక్కుంటూ రేవు చేరేదాకా ఆ దారాలతోనే కుస్తీపట్టారు. పనివాడికి ఎదుటివాడి పనిని తప్పు పట్టకపోతే నోరు ఊరుకోదు గనక, "నైలాన్ దారం ఇంకా వాడేది ఈ జిల్లాలో నువ్వొక్కడివే" అని ప్రభాకరం, "నీ రాడ్డుకి ఇన్ని రింగులెందుకురా, చెవులు కుట్టించుకున్న పేరంటాలిలా" అని తిరపతయ్య. ఆ మాటలు వింటుంటే వాళ్ళిల్లు మళ్ళీ ఇల్లయిందనిపించిందని మేష్టారు తర్వాత ఎవరితోనో అన్నాడట. అనే ఉంటాడు.

రేవులో దిగాక ప్రభాకరం పంచె తడి పిండుకుంటూ, "బుట్ట చేయించావా, బావా?" అని అడిగాడు.

"మేదరి వాళ్ళకి చెప్పలేదు. ఎవరు మోస్తారో తెలియందే కొలతేం చెప్తాను?"

"కాస్త గట్టిగా అల్లమను. హారిక చిన్నపిల్లేం కాదిప్పుడు."

"బుట్ట సంగతి సరే, నీ నడుం చూసుకో. దారి పొడుగునా దింపి దింపి మొయ్యకూడదు."

"నేను దింపితే అప్పుడడుగు" అన్నాడు ప్రభాకరం.

మేష్టారు పడవని మేకుకి కడుతున్నాడు. తిరపతయ్యకి అప్పుడు గుర్తొచ్చింది, తాము వచ్చిన పని.

"ఇంతకీ మేష్టారూ, మీరు చెప్పనేలేదు. ఏది అసలైన గాలం?"

ఆయన ముడి బిగించి, లేచి, ఇద్దర్నీ క్లాసులో మార్కులు చదివే ముందు చూసినట్టు చూశాడు.

"ఎర వెయ్యడం మీకు నేను నేర్పాను. ఎవరికి అబ్బినట్టు వాళ్ళు వేస్తున్నారు. వెయ్యకపోవడం నేను నేర్పలేదు" అన్నాడు. "అది మాత్రం ఇద్దరూ ఒకే బళ్ళో చదివినట్టున్నారు."