గంట గుర్తు మేకు

కొండవాగు రాజు మల్లభూపతికి ఒకనాడు ఉన్నట్టుండి పొదుపు గుర్తొచ్చింది.

"పనుంటే పిలుద్దాం, అయ్యాక పంపేద్దాం. కోటలో ఊరికే కూర్చుని తినేవాళ్లు మనకెందుకు?" అన్నాడు.

ఊరికే కూర్చుని తినడంలో అందరికంటే ముందుండే మంత్రి సర్వోత్తమయ్య, చప్పట్లు కొట్టడంలోనూ ముందున్నాడు.

"బాగుందయ్యా, మరి వచ్చినవాళ్లలో పనిమంతుడెవడో తెలిసేదెలా?" అన్నాడు రాజు.

"ముఖాలు చూడనక్కర్లేదు ప్రభూ. దండ చూస్తే చాలు!"

మంత్రి కోటగోడకు వరసగా మేకులు కొట్టించాడు. ఒక్కో పనివాడికి ఒక్కో మేకు, దాని పైన వాడి గుర్తు. పని చేయించుకున్నవాళ్లు మెచ్చితే ఆ మేకుకు వేలాడే దారానికో బంతిపువ్వు గుచ్చాలి. పున్నమినాటికి పెద్ద దండ ఎవరిదైతే వాడే ప్రతిభావంతుడు. మేకు ఖాళీగా ఉంటే ఊరొదలాల్సిందే.

ఇక చూడాలి ఊరి మెప్పు! పొంగే వాగు దాటించి ప్రాణం నిలబెట్టిన బోయీలకు పువ్వెగ్గొట్టాడో షావుకారు. పల్లకీ ఊగి కునుకు చెడిందట. మజ్జిగలో సగం నీళ్లు పోసేవాడు మాత్రం "అమ్మగారికి రోజురోజుకీ వయసు తగ్గుతోంది" అంటూ దండ మూరలకొద్దీ పెంచుకున్నాడు.

మహారాణి తాంబూలపు పెట్టె మోసే సింగారి ఇదంతా చూసి మూతి ముడిచేది. మంత్రసాని ఓబులమ్మ మేకు దగ్గర మంత్రి ఆగిన రోజున మాత్రం సింగారి కూడా అక్కడే ఆగిపోయింది. సింగారిని భూమ్మీద పడేసిన చెయ్యి ఓబులమ్మది. నేడో రేపో మహారాణికీ ఆ చెయ్యే కావాలి.

"ఒక్క పువ్వూ లేదేమే?" అన్నాడు మంత్రి.

"నొప్పులు పడే పిల్ల నా జుట్టు పట్టుకుంటుంది బాబయ్యా, పువ్వు పట్టుకోదు."

"నువ్వు కసురుతావటగా?"

"బిడ్డ అడ్డం తిరిగితే జోలపాట పాడమంటారా?"

"పున్నమి దాటితే నువ్వు ఊళ్లో కనపడకూడదు. మహారాణి కాన్పుకు పెద్ద దండ వచ్చినవాళ్లే వస్తారు. ప్రతిభ ఉన్నవాడికి ఏ పనైనా ఒకటే!"

ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సింగారి ఆమె భుజం తట్టి, "మూట కట్టకు అత్తా" అని, నేరుగా గంగిరెద్దులవాడి గుడారానికి పోయింది.

మర్నాటికి గోడమీద గంట గుర్తుతో కొత్త మేకు వెలిసింది. దాని దండ పెరిగిందంటే పెరిగింది! మజ్జిగవాడిది దాని ముందు వెలవెలబోయింది.

పున్నమినాడు సభ నిండింది. మంత్రి ఆ దండను తన భుజాన వేసుకుని, అదేదో తాను సంపాదించినట్టే రొమ్ము విరుచుకున్నాడు.

"ఒక్కరు కూడా వంక పెట్టని పనిమంతుడు ప్రభూ! కసురు లేదు, విసురు లేదు, ఎదురు మాట లేదు. రమ్మనండి!"

గణగణ గంటలు మోగాయి. రంగుల బొంత కప్పుకుని, కొమ్ములకు కుచ్చులు కట్టుకుని, గంగిరెద్దు సింగారి వెంట సభలోకి నడిచొచ్చింది.

మల్లభూపతి నోరు తెరిచాడు. "ఇదేం పని చేసిందే సింగారీ?"

"మంత్రిగారి పద్ధతిలో కావలసిన పనే చేసింది ప్రభూ. ఎవరేమన్నా తల ఊపింది. అన్నవాళ్లంతా మురిసిపోయి పువ్వు గుచ్చారు."

సింగారి ఎద్దు ముందుకెళ్లి నిలబడింది.

"బసవన్నా, మా అమ్మగారికి పురుడు పోస్తావా?"

ఎద్దు తల ఊపింది.

"మంత్రిగారంత తెలివైనవారు ఇంకెక్కడైనా ఉన్నారా?"

ఎద్దు ఇంకా గట్టిగా ఊపింది.

"పశువును తెచ్చి నన్ను అవమానిస్తావటే!" మంత్రి అరిచాడు.

"పనివాళ్ల ముఖాలు చూడనక్కర్లేదన్నది తమరేగా. ఒక్కసారి చూసుంటే కొమ్ములైనా కనపడేవి!"

సభ గొల్లుమంది. అంతలో ఎద్దు మెడ సాచి, మంత్రి భుజం మీది దండ కొస అందుకుని తాపీగా నమలసాగింది. ఆయన లాగితే అదీ లాగింది. రాజు సింహాసనం పట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

"ఏం కావాలో కోరుకోవే!"

"ఓబులత్త అంతఃపురంలో ఉండాలి ప్రభూ, ఈ పూటనుంచే. ఆ మేకులు గోడమీద ఉండకూడదు."

"అలాగే!" రాజు తన ముత్యాల హారం తీసి ఆమెకందించి మంత్రివైపు తిరిగాడు. "మేకులు పీకే పని నీదే సర్వోత్తమయ్యా. బాగా పీకితే నీకూ ఓ పువ్వు ఇప్పిస్తాం. ఏమంటావు?"

ఆఖరి బంతిపువ్వు మింగి, మంత్రి బదులు గంగిరెద్దే తల ఊపింది.