కుచ్చు ఆగిన చోటు

పేరయ్య గురువుగారిని ప్రశ్న అడిగినవాడు కాళ్లు తడవకుండా ఇంటికి వెళ్లిన దాఖలా లేదు. ఆశ్రమం అని శిష్యులం మేం గొప్పగా చెప్పుకునేది మన్యం అంచున ఒక వాగు ఒడ్డు మీది రెండు పాకలు. ఆయన పుట్టింది చేపలు పట్టే బెస్తవారింట. గురువై, నలుగురూ వచ్చి కాళ్లకు మొక్కడం మొదలయ్యాక కూడా గాలపు కర్ర వదల్లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే చివరిదాకా విని, కర్ర భుజాన వేసుకుని వాగులోకి దిగేవారు. అడిగినవాడు వెనకాలే దిగాలి. మాయ గురించీ ముక్తి గురించీ తర్కించడానికి పట్నం నుంచి వచ్చిన పెద్దమనుషులు కొందరు, పంచె తడిసిందని విసుక్కుని వెళ్లిపోవడం నేను చూశాను. వాళ్ల గురించి నాకేం దిగులు లేదు. మనసులో ఉండిపోయినవాడు వీరభద్రం.

వీరభద్రం నేతగాడు. ఏటా వానలు తగ్గాక వచ్చి, గురువుగారి దగ్గర కొన్నాళ్లు ఉండి వెళ్లేవాడు. వచ్చేటప్పుడు తను నేసిన తువ్వాలు ఒకటి తప్పకుండా తెచ్చేవాడు. ఆ ఏడు ఉత్త చేతులతో వచ్చాడు. తమ్ముడు నూకరాజు భాద్రపదంలో పోయాడని చెప్పాడు. ఛాతీలో జబ్బట. మగ్గం మీదే ఒరిగిపోయేదాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదట. ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారని ఆసుపత్రిలో డాక్టరు కేకలేశాడట. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు. మధ్యలో గోడ, గోడకు అటు తమ్ముడి మగ్గం, ఇటు అన్న మగ్గం.

"ఒక్క మాట చెప్పలేదండీ గురువుగారూ. ఒక్కసారి మూలగలేదు. నొప్పని అంటే భుజానేసుకుని పరిగెత్తేవాణ్ణి కదండీ! మనిషి పోయేముందు ఒక్క గుర్తయినా ఇవ్వడాండీ?"

ఊళ్లో అందరూ ఈ ప్రశ్నకు ఒకటే జవాబు చెప్పారు. వాడు చెప్పకపోతే నీకెలా తెలుస్తుంది, నీ తప్పేముంది అని. గురువుగారి నోటి నుంచి కూడా అదే మాట వినాలని వచ్చాడతను. అది వింటే కంటిమీదకు కాస్త కునుకు వస్తుందని ముఖం చూస్తేనే తెలిసిపోతోంది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. గురువుగారు మాత్రం లేచి కర్ర అందుకున్నారు.

"కుచ్చు నువ్వే కట్టు," అంటూ గొర్రెలవాళ్ల దగ్గర తెచ్చిన పచ్చి ఉన్ని కాస్త వీరభద్రం చేతిలో పెట్టారు.

ఆ కుచ్చు సంగతి చెప్పాలి. లోతు తక్కువ వాగులో బెండు కడితే అది టప్పున పడి చేపలు చెదిరిపోతాయి. అందుకని గురువుగారు దారానికి ఉన్ని కుచ్చు కట్టేవారు. గాలానికి గోధుమరంగు నూలు చుట్టి, నీటి పురుగులా కనబడేట్టు చేసి వదిలితే అది అడుగున దొర్లుతూ పోతుంది. పైన కుచ్చు నీటితోపాటు తేలుతూ వస్తుంది. అడుగున ఏం జరుగుతోందో కంటికి కనబడదు. కుచ్చు చెప్పిందే కబురు.

వీరభద్రం ఉన్నిని వాసన చూసి మొహం చిట్లించాడు. నేతవాడి చెయ్యి ఊరుకుంటుందా? కుంకుడు రసంతో ఉతికి, ఎండబెట్టి, దువ్వి, తెల్లగా మల్లెమొగ్గలా బిగించి కట్టాడు. చూడముచ్చటగా ఉంది. నీళ్లమీద పడగానే బుడుంగున మునిగింది. గొర్రె ఒంటి జిడ్డే ఉన్నిని తేలుస్తుంది. ఆ జిడ్డును కుంకుడుకాయ పెట్టి మరీ వదలగొట్టాడు మావాడు.

వీరభద్రానికి పౌరుషం వచ్చింది. సంచిలోంచి ఎర్రటి నూలు పోగులు తీసి, మైనం రాసి, బంతిపువ్వంత కుచ్చు కట్టాడు. ఈసారి అది అవతలి ఒడ్డుకు కూడా కనబడేట్టు దర్జాగా తేలింది. వదిలిన ప్రతిసారీ రాజుగారి పల్లకీలా సాగిపోయింది. ఎక్కడా తొణకలేదు. గురువుగారు దారం పైకి లాగి గాలం చూపించారు. చుట్టిన నూలు కొరికి కొరికి పీచుపీచైపోయింది.

"చేపలు వచ్చి వెళ్లాయి. ఇంత పువ్వును కదిలించే బలం వాటికి లేదు," అన్నారు.

అప్పుడాయన తలపాగా మడతలోంచి తన కుచ్చు తీశారు. బొటనవేలి గోరంత కూడా లేదు. మాసిన ఉన్ని, జిడ్డు, చివర ఒక్క పసుపు పోగు. దాన్ని జారుముడితో కట్టి, నీటి లోతుకు ఒకటిన్నర రెట్లు దారం గాలంతో కిందికి వేలాడేట్టు జరిపి, కర్ర వీరభద్రానికి ఇచ్చారు. కుచ్చు నీటిమీద పడినట్టే లేదు. అతను కళ్లు చికిలించి చూస్తున్నాడు. అది ఒక రాయి పక్కగా వచ్చి, రెప్పపాటు ఆగి, మళ్లీ కదిలింది.

"పోయింది," అన్నారు గురువుగారు.

"ఏది పోయిందండీ? కుచ్చు మునగలేదు కదా!"

"ఆగింది."

"ఆగితే ఏముందండీ, రాయి తగిలుంటుంది."

"లాగి చూస్తే కదా రాయో చేపో తెలిసేది!"

వీరభద్రం కర్ర మళ్లీ విసరడానికి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే నిలిచిపోయింది. మెల్లగా వచ్చి ఒడ్డున బండ మీద కూలబడ్డాడు.

"శ్రావణమంతా వాడి మగ్గం ఆగి ఆగి ఆడేదండి," అన్నాడు. "గోడ ఇవతల నాకు వినబడుతూనే ఉండేది. నాలుగు పోట్లు వేసేవాడు, ఆగేవాడు. మళ్లీ వేసేవాడు. నేను... పోగు తెగి ఉంటుందిలే అనుకున్నానండి."

అతని ఏడుపు చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. దాచడమెందుకు, గురువుగారి మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఓదార్పు కోసం వచ్చినవాడికి ఇదా ఇచ్చి పంపేది? తప్పు నీది కాదు అని ఒక్క ముక్క అంటే ఆయన సొమ్మేం పోయింది? గోడవతల మనిషిని గోడవతలే ఉంచి, చప్పుడు వింటూ, ఏమీ కాదులే అనుకుని పనిలో పడిపోవడం వీరభద్రం ఒక్కడే చేశాడా? నేను చెయ్యలేదా?

గురువుగారు అతని పక్కనే కూర్చుని దారం చుడుతూ అడిగారు: "ఇప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు భద్రం?"

"నేనూ, నా ఇంటిదీ, తమ్ముడి భార్య నాగరత్నమూనండి." కళ్లు తుడుచుకున్నాడు. "ఆ పిల్ల గుండె గట్టిదండి. ఒక్కనాడు పైకి ఏడవలేదు. పొద్దస్తమానూ గోడవతల రాట్నం ముందే కూర్చుని నాకు నూలు కండెలు చుట్టి పెడతది."

"రాట్నం ఆగకుండా తిరుగుతోందా?"

ఇంటి దగ్గరి చప్పుడేదో చెవిలో వెతుక్కుంటున్నట్టు వీరభద్రం తల పక్కకు వంచాడు. ఉన్నట్టుండి లేచాడు. తడి పంచెతోనే పాకలోకి వెళ్లి సంచి భుజానికి తగిలించుకుని, గురువుగారి కాళ్లకు దణ్ణం పెట్టి, రోడ్డు వైపు పెద్ద పెద్ద అంగలు వేశాడు. అన్నం వార్చేశారు, తిని వెళ్లు, మధ్యాహ్నం బస్సు ఉందని నేను అరిచాను. వెనక్కి తిరగలేదు.

నా కోపం ఇంకా చల్లారలేదు. "ఆ అమ్మాయికి ఏమీ అయ్యుండదండీ. ఏ పోగో తెగి రాట్నం ఆపి ఉంటుంది. ఉత్తపుణ్యానికి మనిషిని బెదరగొట్టి, పస్తుతో పంపారు," అన్నాను.

గురువుగారు కుచ్చును పిండి, ఊది, ఆరడానికి బండ మీద పెట్టారు.

"పోగే అయితే, అతికించి వస్తాడు," అన్నారు.