సాయమ్మ గుడిసె

మీ తాతుంటే ఇంకా బాగా చెప్పేవాడురా, ఇను. ఎనకటికి ఒక రాజుగారు పట్నమూ, చుట్టుపక్కల ఊళ్లూ చూసొద్దామనుకున్నాడంట. ఏర్పాట్లన్నీ దివానువే. దారి పక్కన సాయమ్మ గుడిసె చూసి మూతి ముడిచాడు.

"ఈ గుడిసె పీకేయండి, రాజుగారికి కనపడకూడదు. మొగుడు పోయినోళ్లు పల్లకీకి ఎదురు రాకూడదు, ఇళ్లల్లోనే ఉండాలి!"

సాయమ్మ మొగుడు పోయి ఏడాది. "అట్టాగే పీకేయండి బాబయ్యా. ఇల్లు లేకపోతే నేనెక్కడ దాక్కోను? పల్లకీకి ఎదురుగానే కూచుంటా" అంది.

దివాను గతుక్కుమన్నాడు. "సరే, గుడిసె ఉండనీ. లోపలే ఉండు."

"ఉంటా బాబయ్యా. గోడ సగం కూలింది, తలుపే లేదు. లోపలున్నా కనపడతానే!"

పల్లకీ వచ్చేలోపే కొత్త గోడా, తలుపూ, పైన కొత్త తాటాకూ వచ్చేశాయి.

ఊళ్లు చూడ్డానికొచ్చిన రాజుగారేమో పల్లకీలో నోరు తెరిచి గురకపెడుతున్నాడు. సాయమ్మ తలుపు సందులోంచి కళ్లారా చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విందంట.