రేవులో రెండోసారి అడిగిన మాట

మౌల్వీ ముర్తుజా గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. దానికి తగిన పని ఏదైనా తటస్థపడేదాకా ఆగి, ఆ పనిని అతని చేతిలో పెట్టేవారు. నిదానస్థులకు ఈ పద్ధతి బాగానే ఉండేది. శిష్యుల్లో ఇనాయతుల్లా మాత్రం నిదానస్థుడు కాడు. పాఠం వింటూ కూడా మోకాలు ఆడిస్తూ ఉండేవాడు.

కాకినాడ నుంచి రంగానికి, అంటే బర్మా దేశానికి, స్టీమర్లు నడిచే రోజులవి. గోదావరి కాలువ పక్కన ఒక చిన్న ఊళ్ళో మసీదును ఆనుకుని మౌల్వీ గారి మదరసా ఉండేది. ధర్మసందేహం వచ్చినవాళ్ళు అక్కడికే వచ్చి అడిగేవారు. ఖురాన్ ఏమంది, ప్రవక్త నడవడి ఏమిటి, పెద్దలు ఏకమై ఒప్పుకున్నది ఏది, ఇవేవీ నేరుగా చెప్పని చోట పోలికతో ఎలా తేల్చాలి అన్నవన్నీ ఇనాయతుల్లాకు కంఠోపాఠం. అతన్ని కుదురుగా ఉండనివ్వనిది ఒక్కటే. ఒకనాడు అడిగేశాడు.

"హజ్రత్, ధర్మశాస్త్రంలో మనం అనుసరించే ఇమాం ఒకరు. కొందరు పండితులు కష్టం వచ్చినప్పుడు ఆయన తీర్పు పక్కన పెట్టి ఇంకో ఇమాం తీర్పు పట్టుకుంటారు. వాళ్ళు నడుస్తున్నది ధర్మం మీదా, తమ కోరిక మీదా?"

మౌల్వీ గారు తల పంకించి పాఠం కొనసాగించారు.

కొన్నాళ్ళకు జులేఖాబీ అనే ఆమె వచ్చింది. ఆమె భర్త శిలార్ సాహెబు బియ్యం మిల్లులో పనికని రంగం వెళ్ళాడు. మొదట్లో కబుర్లు వచ్చేవి, తర్వాత ఆగిపోయాయి. అప్పుడు చంకలో ఉన్న కూతురు ఇప్పుడు నీళ్ళ బిందె మోసే ఈడుకు వచ్చింది. మరిది ఇంట్లో ఒక మూల ఇచ్చారు, చాకిరీకి లెక్క లేదు. భార్య పోయిన దర్జీ ఒకాయన, మర్యాదస్థుడు, నిన్నూ నీ బిడ్డనూ చూసుకుంటానని కబురు పంపాడు. తాను మళ్ళీ నికా చేసుకోవచ్చునా అన్నది ఆమె అడగవచ్చిన మాట.

"నువ్వు చూసి చెప్పు," అన్నారు మౌల్వీ గారు ఇనాయతుల్లాతో.

అతను గ్రంథాలు తిరగేసి ఆ సాయంత్రానికే జవాబు తెచ్చాడు. కనిపించకుండా పోయిన మనిషి చనిపోయాడని తేలేదాకా అతని భార్య అతని భార్యే. ఏమీ తేలకపోతే, ఆ ఊళ్ళో అతని ఈడువాళ్ళంతా పోయేదాకా ఆమె ఆగాలి.

"మన ఇమాం మాట ఇదే. తప్పు లేదు," అన్నారు మౌల్వీ గారు. "వెళ్ళి ఆమెకు నువ్వే వినిపించు."

మరిది ఇంటి వసారాలో జులేఖాబీ చేట పక్కన పెట్టి, కొంగు నెత్తిమీదికి లాక్కుని విన్నది. పక్కింటి ముందు ఒక మనిషి బండి మీంచి ధాన్యం బస్తాలు దించుతున్నాడు. ఒక్కో బస్తా ఎత్తి వీపున వేసుకుని పాట పాడుకుంటూ లోపలికి వెళ్తున్నాడు. ఆమె అతని వైపు చూసింది.

"ఈడువాళ్ళంటే, బాబూ, ఆ బాజీ కూడానా? మా ఆయనా బాజీ ఒక్క వారంలో పుట్టారు."

"అవునమ్మా, ఆయన కూడా."

"అయితే బాజీ తొందరగా చచ్చిపోవాలని నేను దువా చెయ్యాలా?"

ఇనాయతుల్లా లేచాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వీధిలోకి వచ్చేశాడు. మదరసాకు వెళ్ళలేదు, ఇంటికీ వెళ్ళలేదు, చీకటి పడేదాకా కాలువ గట్టు మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు. తెల్లవారాక గురువు ముందు నిలబడ్డాడు.

"హజ్రత్, మదీనా ఇమాం మాలిక్ గారి తీర్పు ప్రకారం నాలుగేళ్ళు ఆగితే చాలట. ఆపైన భర్త పోయిన స్త్రీ పాటించే గడువు పూర్తిచేసి నికా చేసుకోవచ్చట. అదే ఇద్దాం."

తన పాత ప్రశ్న అతనికి గుర్తుందో లేదో మౌల్వీ గారు అడగలేదు. "ఇవ్వొచ్చు. ఆ నాలుగేళ్ళు ఎప్పటినుంచి మొదలవుతాయని ఉంది? అక్కడిదాకా చదివావా?"

ఇనాయతుల్లా చదివాడు. మనిషి పోయిన దిక్కుకల్లా కబురు పెట్టి వెతికించాలి. వెతికి వెతికి ఆశ వదులుకున్న నాటినుంచే లెక్క.

"ఎవరైనా వెతికారా?"

"లేదు, హజ్రత్."

"మరి బయల్దేరు."

కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. దూరంగా లంగరు వేస్తే నాటు పడవలు జనాన్ని తెచ్చి దించుతాయి. ఇనాయతుల్లా ప్రతి పడవకూ ఎదురువెళ్ళాడు. రేకు పెట్టెలతో, చుట్టిన చాపలతో దిగుతున్న ప్రతివాణ్ణీ ఆపి అడిగాడు. ఎవరూ తెలుసనలేదు. వినే కొద్దీ అతని గుండె తేలికపడుతూ వచ్చింది. ఈ ఓడ, ఇంకో ఓడ చూసి, ఆశ వదులుకున్నామని రాసేస్తే ఆ తల్లి బతుకు ఒడ్డున పడుతుంది.

జనం పలచబడుతుండగా అతనికి తన గొంతు తనకే వినిపించింది. "శిలార్ సాహెబని మా ఊరివాడు, మీకు తెలీదు కదా?" అంటున్నాడు తను. ఎప్పటినుంచి అలా అంటున్నాడో తెలియదు. ఎదుటివాడు తల అడ్డంగా ఊపేలోగానే ఇంకొకడి వైపు తిరుగుతున్నాడు.

ఇనాయతుల్లా ఉన్నచోటే ఆగిపోయాడు. దిగినవాళ్ళలో సగం మంది అప్పటికే రైలు స్టేషను దారి పట్టారు. చూడనట్టు ఊరుకుందామా అనిపించింది. రెండడుగులు ఊరి వైపే వేశాడు కూడా. తర్వాత పంచె ఎగ్గట్టి వాళ్ళ వెనక పరుగెత్తాడు. రొప్పుతూ ఒక్కొక్కరి ముందూ ఆగి, మనిషి పేరు, ఊరు, పోలికలు చెప్పి, "తెలుసా? బాగా గుర్తుచేసుకోండి," అని అడిగాడు.

చింతచెట్టు కింద చుట్ట కాలుస్తున్న సూరన్న అనే కూలీల మేస్త్రీ ఇందాక తల అడ్డంగా ఊపినవాడే. ఈసారి నొసలు ముడిచాడు. "ఎడమ చెవి కొస తెగి ఉంటుందా?"

"అవును."

"అలా చెప్పు మరి. బర్మాలోనే, మౌల్మేను ఊళ్ళో మిల్లులో ఉన్నాడు. అక్కడ శిలారంటే ఎవరికీ తెలీదు, కోరంగి సాయిబంటారు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. నిక్షేపంలా ఉన్నాడు."

తిరుగు రైలులో ఇనాయతుల్లా కూర్చోలేకపోయాడు. సూరన్న చెప్పింది తనకు తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే నాలుగేళ్ళలో ఆమెకు విడుదల. నోరు విప్పితే ఆమె బతికున్నవాడి భార్య. ప్రతి స్టేషనులోనూ ప్లాట్‌ఫారం మీదికి దిగాడు, మళ్ళీ ఎక్కాడు. ఊరు చేరాక మదరసా వైపు తిరగకుండా నేరుగా జులేఖాబీ ఉన్న ఇంటికే వెళ్ళాడు. ఆగితే చెప్పలేనని భయం.

"అమ్మా, ఆయన బతికే ఉన్నారు."

"అల్‌హమ్‌దులిల్లా," అన్నది ఆమె వెంటనే, రెండు చేతులూ ఎత్తి.

మిగతాది కూడా చెప్పాడు. ఆమె ఎత్తిన చేతులు దించి, గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత కూతుర్ని పిలిచి, "మీ అబ్బాజాన్ బతికే ఉన్నారట," అని మాత్రం చెప్పింది. మిగతా సగం ఆ పిల్లకు చెప్పలేదు.

సూరన్న మళ్ళీ రంగం వెళ్ళేటప్పుడు మౌల్వీ గారు అతని ద్వారా శిలార్‌కు కబురు పంపారు. భార్యాబిడ్డల్ని పిలిపించుకుని పోషించు, లేదా వదిలిపెట్టు, గాలిలో వేలాడదీయడానికి నీకు హక్కు లేదు. వానలు వెనకబట్టాక మిల్లు మనుషులిద్దరు ఓడ దిగి వచ్చి, శిలార్ తమ ఎదుట తలాక్ చెప్పాడని మసీదులో సాక్ష్యమిచ్చారు. గడువు తీరాక దర్జీతో నికా జరిగింది. పెళ్ళి ప్రసంగం ఖుత్బా ఇనాయతుల్లానే చదివాడు, రెండుచోట్ల తడబడ్డాడు.

ఆ తర్వాత ఒకనాడు పాఠంలో ఇమాముల మధ్య భేదాల అధ్యాయం వచ్చింది. ఇనాయతుల్లా చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"హజ్రత్, ఇంకో ఇమాం తీర్పు పట్టుకునేవాళ్ళు నడిచేది ధర్మం మీదా, కోరిక మీదా అని నేనడిగినదానికి మీరు ఇంతవరకూ జవాబు చెప్పలేదు."

మౌల్వీ గారు కళ్ళద్దాలు తీసి అంగీ అంచుతో తుడుచుకున్నారు.

"రేవులో వెనక్కి పరుగెత్తి మళ్ళీ అడిగానన్నావు కదా, అప్పుడు నీకు ఏ జవాబు వినాలని ఉండింది?"

"తెలీదు అన్న మాటే, హజ్రత్. అప్పటికీ అదే."

"అయినా అడిగావు," అన్నారు ఆయన. "ఊఁ, చదువు."