వంత లేని కథ

మార్త తన గుమ్మెటను గురువుగారి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

గురువు దానియేలుగారి బుర్రకథ దళంలో ఎడమవైపు గుమ్మెట వాయిస్తూ వంత పాడేది ఆమే. ముందురోజు బస్టాపులో సుందర్రావు ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు ఈలలు వేశారు. లాగినవాడు కాలరెగరేసుకుని తిరుగుతున్నాడు. ఇంట్లోవాళ్ళు కథలు మానిపించి కూర్చోబెట్టింది మాత్రం మార్తనే. లోకం తీరే అంత.

కుడివైపు వంతగాడు ఏసోబు. సుందర్రావుకు స్నేహితుడు. గురువుగారు అతన్ని పిలిచారు.

"ఆ పిల్ల గురించి టీకొట్టు దగ్గర ఏం మాట్లాడుకునేవారు?"

"వాడే వాగేవాడండీ. తనంటే దానికి మోజని, పైకి కాదన్నా లోపల ఇష్టమేనని రోజుకో కథ అల్లేవాడు. నేను ఒక్క మాట అనలేదు."

"మరేం చేశావు?"

"నవ్వానండీ. నలుగురితో పాటు నారాయణ. నవ్వకపోతే నన్ను మగాడివే కాదంటారు."

గురువుగారు కోప్పడలేదు. "సాయంత్రం పక్క ఊళ్ళో కథ ఉంది. నా పక్కన నిలబడు. నోరు మాత్రం విప్పకు" అన్నారు.

జనం బాగా వచ్చారు. గురువుగారు తంబురా మీటి, అందెలు మోగిస్తూ ముందుకు అడుగేసి మొదటి చరణం ఎత్తుకున్నారు. ఏసోబు వైపు తిరిగారు. 'తందాన' అని వంత అందుకునేవాడు లేడు. రెండో చరణం పాడి మళ్ళీ తిరిగారు. మూడోది సగంలో తెగిపోయింది.

"ఏం పెద్దాయనా, గొంతు పోయిందా?" అని ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు.

ఏసోబుకు ఏడుపొచ్చింది. "గురువుగారూ, మీ పరువు పోతోంది. అందుకోనివ్వండి" అని గొణిగాడు.

ఆయన తల అడ్డంగా ఊపారు. జనానికి దండం పెట్టి వేదిక దిగిపోయారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన కథ మధ్యలో ఆగడం అదే మొదలు.

ఇద్దరూ గురువుగారి ఇంటికి చేరేసరికి మార్త గుమ్మెట అరుగు మీద అలాగే ఉంది. లోపల పెడదామని ఏసోబు వంగాడు.

"ముట్టుకోకు" అన్నారు గురువుగారు.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తల నెరిసేదాకా కథలే చెప్పాను. నువ్వు అందుకోకపోతే మూడు చరణాలు దాటలేకపోయాను. ఆ సుందర్రావు అన్ని రోజులు తన కథ ఎలా చెప్పగలిగాడ్రా?"